కోణము చెప్పని మాట

వెన్నుపూసల దొంతర పక్కకు ఒరిగి మెలి తిరుగుటను వైద్యులు స్కోలియోసిస్ అందురు. 1948లో అమెరికా వైద్యుడు జాన్ కాబ్ ఆ వంపును కొలుచుటకు సులభమైన మార్గము చూపెను. ఎక్స్‌రే చిత్రముపై వంపునకు ఎగువను, దిగువను మిక్కిలి ఒరిగిన పూసల అంచుల వెంట రెండు గీతలు గీసి, వాని నడుమ కోణమును కొలుతురు. అది కనీసము 10 డిగ్రీలుండవలెను.

కోణము తెలిసినంత మాత్రమున కత్తి పట్టవచ్చునా? ఎదుగు పిల్లలలో వంపు ఇంకను పెరుగునేమో యన్నదే ముఖ్యమైన భయము. పెద్దలను వైద్యుని కడకు నడిపించునవి నొప్పి, నాడులు నొక్కుకొనుట, నడువలేకపోవుట. ఈ బాధలు కోణమును బట్టియే పోవు. శరీరము ముందునకు వ్రాలిన కొలది బాధ హెచ్చుచున్నదని 2005లో గ్లాస్‌మన్ బృందము తెలిపినది.

ఈ సత్యమునకు వెనుక ఒక చరిత్ర యున్నది. హ్యూస్టన్ నగరమున పోలియో పిల్లలకు చికిత్స చేసిన పాల్ హారింగ్టన్, వంకర వెన్నునకు ఉక్కు కడ్డీ అమర్చు విధానమును 1962లో ప్రకటించెను. పక్కవంపు తగ్గెను. కాని కడ్డీ నడుము వరకు దిగిన కొందరిలో అచటి సహజమైన లోవంపు చదునై, ఏండ్లు గడచిన పిదప వారు నిటారుగా నిలువలేకపోయిరి. ఒక దిక్కున సరిచేసినది మరియొక దిక్కున చెడినది.

2019లో వెలువడిన ఉత్తర అమెరికా పరిశోధన, నడుము వంపుతో బాధపడు 286 మంది పెద్దలను పరిశీలించెను. శస్త్రచికిత్స పొందినవారు, పొందనివారికంటె సగటున ఎక్కువగా కోలుకొనిరి. అయితే వారిలో పెక్కుమంది తమ చికిత్సను తామే ఎంచుకొన్నవారు. మరియొక వంక, క్లిష్టమైన శస్త్రచికిత్స జరిగిన పెద్దలలో ఆసుపత్రి విడుచునాటికి నూటికి సుమారు 22 మందికి కాళ్ల బలము తగ్గెనని 2016 నాటి పరిశోధన తెలిపెను. ఆరు నెలలకు ఆ సంఖ్య ఇంచుమించు సగమయ్యెను.

కావున వివేకవంతుడైన వైద్యుడు ముందుగా ఎముకల గట్టిదనమును పరీక్షించును. పొగ త్రాగువానిని మానుమనును. వ్యాయామము, మందులు ఏమాత్రము తోడ్పడునో చూచును. పూసలను అతికించినచో ఆ భాగము మరల వంగదనియు, మరల శస్త్రచికిత్స అవసరము కావచ్చుననియు దాచక చెప్పును.

ఒకే కోణము గల ఇద్దరిని తలచుకొందము. ఒకామె బజారునకు నడచి వచ్చి మనుమలతో ఆడుకొనును. రెండవ యామె పొయ్యి ముందర పావుగంట నిలువలేదు. మొదటి యామెకు శస్త్రచికిత్స అనవసరమైన సాహసము. రెండవ యామెకు అదియే ఆశ కావచ్చును. ఎక్స్‌రే చిత్రమున వారిరువురు ఒక్కటే. వారిని వేరుపరచి చూపునది వైద్యుడు ఓపికతో అడుగు ప్రశ్నయే: "అమ్మా, నీవు తిరిగి చేయగోరుచున్న పని యేది?"