తుబ్లీ బురదలో హంసలు

శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకునేటప్పుడు హంసను ఎలా వేయాలో మా గురువుగారు చూపించారు. మెడకు ఒక మెలిక, తీగల గుత్తిలా తోక, ముక్కున తామరతూడు. పెళ్లై బహ్రెయిన్ వచ్చాక కూడా, మనామాలోని మా రెండు గదుల ఇంట్లో వెదురు కలం పట్టినప్పుడల్లా ఆ హంసనే వేస్తూ వచ్చాను. చేయి దానంతటదే పోయేది. కళ్లతో పనే ఉండేది కాదు.

ఆ అలవాటును చెడగొట్టింది తుబ్లీ అఖాతం. ఒక జనవరి పొద్దున సిత్రా వైపు వెళ్తుంటే, ఆటుకు నీళ్లు తీసేసిన బురద మీద రాజహంసలు కనిపించాయి. మన పులికాట్‌కు వచ్చే జాతే, ఫ్లెమింగోలు. మావారు కారు పక్కకు తీశారు. ముక్కు మూసుకోవలసినంత కంపు. శుద్ధి చేసిన మురుగునీళ్లు వచ్చి కలిసేది ఈ అఖాతంలోకే మరి. నా బొమ్మలోలాగా మెడ ఎత్తుకుని నిలబడింది ఒక్కటీ లేదు. అన్నీ తల దించి, ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి మెల్లగా నడుస్తున్నాయి.

ఆ ముక్కు పనితనం తర్వాత చదివి తెలుసుకున్నాను. నాలుక ముందుకూ వెనక్కూ ఆడుతూ నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలాంటి సన్నని పొరలుంటాయి. అవి చిన్న చిన్న రొయ్యల్నీ నాచునీ ఆపుకుని, నీటిని వదిలేస్తాయి. ఆ తిండిలోని కెరోటినాయిడ్ల వల్లే ఈకలకు గులాబీ రంగు వస్తుంది. పిల్లలు మాత్రం బూడిద రంగులో ఉంటాయి. పెరిగే కొద్దీ రంగును తిని సంపాదించుకోవలసిందే.

హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందని చిన్నప్పుడు విని, కవుల ముచ్చట అనుకున్నాను. ఇక్కడ ఒక పక్షి కంపుకొట్టే బురదలో నిలబడి తనకు కావలసింది నిజంగానే ఏరుకుంటోంది. తామరకొలను దొరికితేగానీ తిననని కూర్చోలేదు. ఆ రోజుల్లో మావారి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. దేవుడి పటం ముందు ఎంత కూర్చున్నా కుదరని మనసు ఆ గట్టు మీద కుదిరింది. దాన్ని భక్తి అంటారో ఇంకేమంటారో, నాకు పట్టింపు లేదు.

ఇంటికొచ్చి, కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద మళ్లీ వేశాను. మెడ కిందికి దిగింది, ముక్కు వంగింది, తామరతూడు పోయింది. గులాబీ రంగే లొంగలేదు. మంజిష్ఠను ఎంత పలచన చేసినా ఇటుక రంగుకే తిరిగింది. పైగా జాడించడానికి ఇక్కడ స్వర్ణముఖి ఎక్కడిది? బహ్రెయిన్‌లో అసలు నదే లేదు. బాత్రూం కొళాయే గతి.

ఈ నేల మీద జంతువును చూసి కదిలిన మనిషిని నేనొక్కదాన్నే కాదు. నాలుగు వేల ఏళ్ల కిందట ఇక్కడ వెలసిన దిల్మున్ నాగరికత ముద్రల మీద జింకలున్నాయి. ఖలాత్ అల్ బహ్రెయిన్ కోట దగ్గర 1950లలో డెన్మార్క్ పురావస్తు బృందం తవ్వితే, పాత భవనం నేల కింద మట్టి గిన్నెలు బయటపడ్డాయి. వాటిలో పాముల ఎముకలు, కొన్నిటిలో ఒక చిన్న పూస! సుమారు రెండున్నర వేల ఏళ్ల నాటివి. ప్రాచీన మెసొపొటేమియా వారి గిల్గమేష్ గాథలో అమరత్వపు మొక్కను పాము తినేస్తుంది కదా, దానికీ ఈ గిన్నెలకూ సంబంధం ఉండవచ్చని ఆ తవ్వకాల్లో పాల్గొన్న జాఫ్రీ బిబ్బీ భావించాడు. మా అత్తయ్యకు అంత దూరం అవసరం లేకపోయింది. ఈ సంగతి చెప్పగానే, “అయితే వీళ్లకీ నాగుల చవితి ఉండేదన్నమాట, అమ్మాయ్” అని దండం పెట్టేశారు. నా ఓటు అత్తయ్యకే.

తుబ్లీని 1997లోనే రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. అయినా మట్టిపోసి పూడ్చడం వల్ల ఒకప్పటి అఖాతంలో చాలా భాగం పోయింది. రాస్ సనద్ వైపు కొన్ని మడచెట్లు మిగిలాయి. బహ్రెయిన్‌లో ఉన్న తెలుగువాళ్లు చలికాలంలో ఒక సెలవు రోజు పొద్దున్నే, ఆటు వేళ చూసుకుని వెళ్లండి. గట్టు దిగకండి, ఫొటో కోసం వాటిని ఎగరగొట్టకండి. పిల్లల చేతికి ఫోను బదులు కాగితం, పెన్సిల్ ఇవ్వండి.