కొలత ముందు, రంపం పిమ్మట

1963వ సంవత్సరంలో లండన్ శివారు ఫెల్తంలో బ్రయన్ మే అనే విద్యార్థికి విద్యుత్ గిటారుపై మనసైనది. మేలైన వాద్యం కొనే స్తోమత ఆ యింట లేదు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన తండ్రి హెరాల్డ్‌తో కలసి తానే చేసికొనదలచినాడు.

రంపం పట్టకముందే లెక్క తేలవలసి ఉన్నది. వీణ మెట్లు మైనంపై నిలుస్తాయి. శ్రుతి తప్పితే సవరించవచ్చు. గిటారు మెట్లు కొయ్యలో దిగిన పిమ్మట కదలవు. తంత్రి పొడుగు 24 అంగుళాలు. దానిని 17.817తో భాగించగా వచ్చిన దూరాన మొదటి మెట్టు; మిగిలిన పొడుగును అదే సంఖ్యతో భాగిస్తే రెండవది. ఈ వరుసన పన్నెండవ మెట్టు సరిగా సగానికి చేరుతుంది. అక్కడినుండి మరి అంత దూరాన తంత్రులను మోసే గుర్రం నిలువవలె. నేడు భాగాలన్నీ పెట్టెలో అమర్చి అమ్ముతున్నా, ఈ కొలత తప్పదు.

మెడకు పాత నిప్పుగూటి మహాగని కొయ్య, స్వరాన్ని కంపింపజేసే మీటకు పాత మోటారుసైకిలు స్ప్రింగులు, అలంకరణకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు దొరికినవి. తండ్రీకొడుకులు దాదాపు రెండేండ్లు శ్రమించినారు.

కాని కొడుకు జీవితం ఆ కొలతలకు ఒదుగలేదు. ఖగోళ పరిశోధన విడిచి ‘క్వీన్’ బృందంలో సంగీతాన్నే నమ్ముకొన్నప్పుడు హెరాల్డ్ మిక్కిలి నొచ్చుకొన్నాడు. 2002లో బకింగ్‌హాం రాజభవనపు కప్పుమీద మ్రోగినది ఆ గిటారే. 2007లో బ్రయన్ డాక్టరేటు పూర్తిచేసినాడు. చూచుటకు తండ్రి లేడు. ఆయన చేతిపని మాత్రం కొడుకు చేతిలో పలుకుతూనే ఉన్నది.