చేతి డబ్బుతో అచ్చయిన స్వరాలు
చెన్నై: త్యాగయ్య కీర్తన పియానో మీద పలకాలంటే ఎలా? మద్రాసులో సర్కారు కొలువు చేసుకునే చిన్నస్వామి మొదలియార్‌కు ఇదే పట్టుకుంది. త్యాగయ్య శిష్యపరంపర పాడుతుంటే విని, ఐదు గీతల పాశ్చాత్య లిపిలో రాసుకున్నారు. 1892 నుంచి సొంత ఖర్చుతో భాగాలుగా అచ్చేయించారు. చేతి డబ్బు కరిగింది, చూపూ మందగించింది.

అయినా ఊరుకోలేదు. ముత్తుస్వామి దీక్షితుల కృతులూ దక్కాలని ఎట్టయపురంలోని సుబ్బరామ దీక్షితులును పట్టుకున్నారు. ఇంటి సొత్తాయె, ఆయన ఓ పట్టాన ఒప్పుకోలేదు. చివరికి జమీందారే చెప్పాల్సి వచ్చింది. 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. అచ్చయింది తమిళనాట, లిపి మాత్రం తెలుగు! గమకాలకూ విడివిడిగా గుర్తులు పెట్టారు. మొదలియార్ ఆ పుస్తకం చూడకుండానే కన్నుమూశారు.