దసరా వెళ్లాక ఉత్తరాంధ్ర దారిలో

కారు తీసే ముందు నేను చూసేది హోటళ్లు కాదు, బంగాళాఖాతం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే తీరం దాటాయి. వాతావరణ శాఖ అల్పపీడనం అన్నదంటే మా ప్రయాణం వాయిదా, అంతే.

వాన తెరిపిస్తే మాత్రం ఈ రోజులకు సాటిలేదు. వరి పొట్టకొస్తుంటుంది, చెరువులు నిండుగా ఉంటాయి. విశాఖ నుంచి సముద్రం పక్కనే భీమిలి వెళ్లి, డచ్చివాళ్ల సమాధులు చూసి, విజయనగరం వైపు తిరుగుతాం. దసరా తర్వాతి మంగళవారం అక్కడ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు కారుతో ఊళ్లోకి దూరాలనుకోవడం తెలివితక్కువ పని; బయటే ఆపి నడవండి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఉలి చప్పుడు వింటూ నేను కదలను, మా ఆవిడేమో గడియారం చూస్తుంటుంది. ఆవిడ మనసంతా పొందూరు ఖద్దరు మీద! అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఆ తర్వాతే వడుకుతారు.

అరసవల్లిలో అక్టోబరు మొదట్లో, మబ్బు లేకపోతే, ఉదయపు కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. జనం కిక్కిరిసి ఉంటారు. నన్నడిగితే అంతకన్నా శాలిహుండం మిన్న. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు, కాస్త దూరంలో నది సముద్రంలో కలిసే కళింగపట్నం. ఒక్క చోటికే తీరిక ఉంటే శాలిహుండానికే వెళ్లండి. రాత్రి బస మాత్రం శ్రీకాకుళంలో ముందే చూసుకోండి. చిన్న ఊళ్లలో గది దొరుకుతుందని నమ్ముకోకండి.