ఆవిరి గొట్టాలలో సుత్తి దెబ్బలు

న్యూయార్కు, బోస్టను వంటి చలి నగరాలలోని పాత ఇళ్ళలో శీతాకాలపు రాత్రి ఒక్కొక్కప్పుడు గోడ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్లు చప్పుడవుతుంది. దీనికి నింద ఆవిరిమీద పడుతుంది గాని, అసలు దోషము దారిలో నిలిచిపోయిన నీటిది.

ఈ ఇళ్ళ నేలమాళిగలో ఒక బాయిలరు ఉంటుంది. అందులో పుట్టిన ఆవిరి గొట్టాల ద్వారా గదులలోని పోత ఇనుప రేడియేటర్లకు చేరి, చల్లబడి, మరల నీరవుతుంది. ఒక గ్రాము ఆవిరి ఇట్లు నీరయ్యేటప్పుడు సుమారు 540 కాలరీల గుప్తోష్ణమును విడుస్తుంది. గదిని వెచ్చబరచేది ముఖ్యంగా ఇదే. చాలా ఇళ్ళలో ఆవిరి పైకెక్కటానికీ, నీరు దిగటానికీ ఒకటే గొట్టము. కనుక అది పొడవునా నీరు జారే వాటముగా ఉండాలి.

ఏండ్లు గడిచిన కొద్దీ ఆధారాలు సడలి గొట్టము నడుమ కుంగుతుంది. ఆ పల్లములో నీరు నిలుస్తుంది. దానిమీదుగా వేగంగా పోయే ఆవిరి ఆ నీటిని అలలుగా లేపి, ముందున్న మలుపుకేసి కొడుతుంది. మరొక కారణము కూడా ఉన్నది. ఆవిరి నీటికంటె 1,600 రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. చల్లని నీరు తగిలి అది ఒక్కసారిగా ద్రవీభవిస్తే ఆ చోట శూన్యమేర్పడి, నీరు అందులోకి దూకి ఢీకొంటుంది. ఇంజనీర్లు దీనిని 'వాటర్ హామర్' అంటారు.

దీనికి చికిత్స గొట్టమును ఎత్తి కట్టటమే. రేడియేటరులోనే చప్పుడైతే, అది గొట్టమువైపు కొద్దిగా వాలేటట్లు రెండవ కొన కాళ్ళ క్రింద చెక్కముక్క పెడితే తరచు సరిపోతుంది. వేడి తగ్గించాలని ఆవిరి కవాటమును సగము మూయటం చాలామందికి అలవాటు. ఒకే గొట్టపు పద్ధతిలో ఇది పనికిరాదు. ఇరుకు సందులో ఎక్కే ఆవిరి దిగే నీటిని అడ్డగిస్తుంది. పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి.

రేడియేటరు ప్రక్కనుండే గాలి కవాటము బుసకొట్టటం వేరు. ఆవిరి రావాలంటే లోపలి గాలి పోవాలి గదా! రేడియేటరు వేడెక్కిన తరువాత కూడా బుస ఆగక, నీరు చిమ్ముతూంటే మాత్రం ఆ కవాటము చెడిందన్నమాట. వెంటనే మార్పించాలి. 2016 డిసెంబరులో న్యూయార్కులోని బ్రాంక్సులో రేడియేటరు నుండి గదిలోకి వెలువడిన ఆవిరికి ఇద్దరు పసిపిల్లలు బలి అయినారు. చాలా కవాటాలు ఒకేసారి చిమ్ముతూంటే పీడనము హెచ్చిందేమో చూడాలి. ఇంటికి చదరపు అంగుళానికి 2 పౌన్లు చాలు. అంతకు మించి పెంచితే ఇంధనము ఖర్చు తప్ప లాభము లేదు.

చప్పుడు ఇంటివారిని నిద్రలేపుతుంది. నేలలో పూడ్చిన తిరుగు గొట్టము తుప్పుపట్టి కారితే ఎవరికీ తెలియదు. బాయిలరుకు అమర్చిన గాజుగొట్టములో నీటిమట్టము మాటిమాటికీ పడిపోవటమే దానికి ఆనవాలు. లోటు తీర్చటానికి పోసే కొత్తనీటిలో కరిగిన ఆక్సిజను ఇనుమును తినివేసి, మరొకచోట కారేటట్లు చేస్తుంది. నీరు మరీ తగ్గితే మంటను ఆపే సాధనమొకటి ఉంటుంది. అది మడ్డిపట్టి పనిచేయకపోతే బాయిలరు ఎండి కాగుతుంది. అప్పుడు కంగారుపడి చన్నీరు పోయరాదు. పోత ఇనుము పగిలిపోతుంది. మంట ఆర్పి, బాయిలరును దానంతటదే చల్లారనివ్వాలి.