మీకు తెలుసా? ముందే చేరిన మేరీ
1844లో అమెరికాలోని కార్తేజ్ జైలుపై సాయుధ మూక దాడి చేసి, మోర్మన్ అనే క్రైస్తవ శాఖ నాయకుడు హైరమ్ స్మిత్‌ను కాల్చి చంపింది. ఆయన భార్య మేరీ ఫీల్డింగ్ స్మిత్ పుట్టింది ఇంగ్లండ్‌లో. కన్నబిడ్డలనూ సవతి బిడ్డలనూ వెంటబెట్టుకుని, 1848లో ఎడ్లబండ్లతో, మోర్మన్లు వలస పోతున్న సాల్ట్ లేక్ లోయకు బయల్దేరింది. దాదాపు 1,600 కిలోమీటర్ల దారి! ‘నువ్వొస్తే అందరికీ భారం’ అన్నాడు బిడారు నాయకుడు. నీకంటే ముందే చేరతానంది, చేరింది. ఆమె కొడుకు జోసెఫ్ తొమ్మిదేళ్లకే ఆ దారిలో ఒక బండి తోలాడు. బడికెళ్లే వయసు పిల్లాడు, ఎడ్ల వెంట అంత దూరం! ఆ లోయలోని మిల్ క్రీక్ దగ్గర ఆమె సేద్యం మొదలుపెట్టింది. నాలుగేళ్లకే, 1852లో కన్నుమూసింది. ఆ జోసెఫే 1901లో మోర్మన్ చర్చికి ఆరో అధ్యక్షుడయ్యాడు.