దుఃఖానికి మాటలు నేర్పడం: అనాథ బాలలకు బృందచికిత్స

తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలకు సమాజం మొదట అందించేది తిండి, బట్ట, బడి ఫీజు. అవి అత్యవసరాలే. కాని, ఆ చావు గురించి బిడ్డతో మాట్లాడేవారు తరచు ఎవరూ ఉండరు. గుర్తు చేస్తే ఏడుస్తాడని పెద్దలు ఆ ప్రస్తావన తేరు. అడిగితే పెద్దలు బాధపడతారని పిల్లలూ అడగరు. ఈ మౌనాన్ని పద్ధతి ప్రకారం తొలగించే ప్రయత్నం తూర్పు ఆఫ్రికాలో జరిగింది.

టాంజానియాలోని మోషీ, కెన్యాలోని బుంగోమా ప్రాంతాలలో 7 నుంచి 13 ఏళ్ల వయసున్న 640 మంది పిల్లలపై జరిపిన ఈ పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. సగం మందికి మామూలుగా అందే సహాయం అందింది; మిగిలినవారికి టీఎఫ్-సీబీటీ అనే చికిత్స బృందాలలో జరిగింది. దీన్ని అమెరికాలో జూడిత్ కోహెన్, ఆంథొనీ మానరీనో, ఎస్తర్ డెబ్లింజర్ రూపొందించారు. మానసిక వైద్యులు అరుదైన ఆ ప్రాంతాలలో, శిక్షణ పొందిన స్థానికులే దీన్ని నడిపారు.

బృందం 12 సార్లు సమావేశమవుతుంది. సంరక్షకులకు విడిగా మరో బృందం ఉంటుంది. భావాలకు పేర్లు పెట్టడం, శరీరాన్ని సేదదీర్చుకోవడం, ఆలోచనకూ బాధకూ ఉన్న సంబంధాన్ని గుర్తించడం తొలి పాఠాలు. తనలాంటివారు మరికొందరున్నారని తెలియడమే బిడ్డకు పెద్ద ఊరట. అయితే మరణం నాటి జ్ఞాపకాన్ని వివరంగా చెప్పించడం మాత్రం విడిగా, ఒక్కొక్కరితోనే జరుగుతుంది. ఒకరి భయానక అనుభవం మరొకరికి భారం కాకూడదు కదా. చివరి దశలో పోయినవారి మంచి జ్ఞాపకాలను పదిలపరచుకోవడం, ఉన్నవారితో బంధాన్ని బలపరచుకోవడం నేర్పుతారు.

వీటన్నిటి మధ్య కీలకమైనది, చావుకు తానే కారణమన్న అపరాధభావాన్ని సరిదిద్దడం. “పుట్టగానే తండ్రిని మింగాడు” అన్న మాట తెలుగు ఇళ్లకూ కొత్త కాదు. ఆ మాట విని పెరిగిన బిడ్డ దాన్ని నమ్ముతాడు. బయటికి చెప్పుకున్నప్పుడే ఆ నమ్మకాన్ని పరీక్షించి చూడడం సాధ్యమవుతుంది.

చికిత్స ముగిసేసరికి మానసిక గాయపు లక్షణాలు నాలుగు ప్రాంతాలలో మూడింట, మామూలు సహాయం పొందినవారితో పోలిస్తే ఎక్కువగా తగ్గాయి. టాంజానియా గ్రామాలలో ఆ తేడా కనిపించలేదు. ఏడాది తరువాత కెన్యాలో మాత్రమే ఆ తేడా నిలిచింది. టాంజానియాలో రెండు వర్గాల పిల్లలూ ఇంచుమించు సమానంగా కోలుకున్నారు. కెన్యా పిల్లల ఇళ్లలో తిండి కొరత, అనారోగ్యం ఎక్కువ. అంటే, కష్టాలు తక్కువగా ఉన్నచోట కాలం కొంతవరకు గాయాన్ని మాన్పగలదు; అవి ముసురుకున్నచోట కాలం ఒక్కటే చాలదు.

అనాథాశ్రమాలకు విరాళాలు పంపే ప్రవాసులు గమనించవలసిన విషయమిది. ఫీజు కట్టడంతో పాటు, ఆ పిల్లల మాట వినడానికి శిక్షణ పొందిన మనిషి అక్కడ ఉన్నారా అని కూడా అడగాలి.